ఖాళీ ప్లాట్ల జరిమానా పన్ను బిల్లులోనే కలపాలి

సంపాదకులకు,

అనంతపురం శివారు కాలనీల్లో ఇళ్ల మధ్య పాడుబడినట్టు ఉండే ఖాళీ ప్లాట్ల గురించి ఈ లేఖ. కొన్నవాళ్లు చాలామంది బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటారు. సెంటు ధర ఎంతకు పోయిందో ఫోన్లో కనుక్కుంటారు గానీ అందులో కంపచెట్లు ఎంత ఎత్తు పెరిగాయో వాళ్లకు పట్టదు. ఆ కంపలో పాములూ పందులూ తిరుగుతుంటే భయపడాల్సింది పక్కింటివాళ్లే. కరువు జిల్లా అని పేరేగానీ, గట్టి వాన ఒకటి పడితే చాలు, పల్లపు ప్లాట్లలో నీళ్లు రోజుల తరబడి నిలుస్తాయి. దోమ గుడ్డు రెక్కలొచ్చి ఎగరడానికి పది రోజులు కూడా అక్కర్లేదు.

జరిమానా లేదా అంటే ఉంది. ప్రజలకు ఇబ్బంది కలిగించినందుకు భారతీయ న్యాయ సంహిత 292వ సెక్షన్ కింద వెయ్యి రూపాయల దాకా వేయొచ్చు. 2024 జులైకి ముందున్న పాత చట్టంలో అయితే 200 రూపాయలే. లక్షలు పలికే స్థలం యజమానికి వెయ్యి ఒక లెక్కా? కంప పెరికించడానికి జేసీబీ పెడితే గంట బాడుగే దాదాపు అంతవుతుంది. ఇబ్బందిని తొలగించమని నేర విచారణ పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీఓ ఉత్తర్వు ఇవ్వొచ్చు. కానీ ఆ కాగితం ఎవరి చేతికివ్వాలి? ప్లాటు ఇక్కడ, మనిషి ఎక్కడో. టీ బండి పెట్టుకున్నవాడైతే కళ్లెదుటే ఉంటాడు, కప్పులు పారేశాడని అక్కడికక్కడే కట్టించుకోవచ్చు. ఇదెక్కడి న్యాయమో!

ఖాళీ స్థలాలకు పన్ను ఎలాగూ ఉంది. నోటీసు గడువులోగా బాగు చేయకపోతే నగరపాలక సంస్థే శుభ్రం చేయించి, ఆ ఖర్చునూ జరిమానానూ ఆ పన్ను బకాయిలో చేర్చాలి. అమ్మకానికి వచ్చినా, ఇంటి ప్లాన్‌కు దరఖాస్తు పెట్టినా ముందు అది కట్టాల్సిందే అనాలి. అప్పుడు యజమాని ఏ దేశంలో ఉన్నా ఫర్వాలేదు. శుభ్రం చేయించడానికి నిధుల్లేవనడం కుదరదు. పారిశుద్ధ్యం విషయంలో మున్సిపాలిటీ ఆ సాకు చెప్పకూడదని మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణం కేసులో 1980లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

అన్నదమ్ముల పంపకాల కేసుల్లో ఇరుక్కున్న స్థలాలకు, పెన్షన్ మీద బతికే ముసలివాళ్లకు గడువు పెంచితే తప్పులేదు. లేఅవుట్లలో పార్కుల కోసం వదిలిన స్థలాల్లో కూడా కంప ఉంటే, నోటీసులు పంపే ముందు దాన్ని కొట్టించాలి. లేకపోతే జనం ఊరుకోరు.

- ఒక పన్ను చెల్లింపుదారు, అనంతపురం