జ్ఞాపకాల నవలలను పిల్లల చేతుల్లోంచి లాక్కోవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్మీడియట్, డిగ్రీ చదివే పిల్లల్లో కొందరు ఈమధ్య ఒక తరహా ఇంగ్లీషు నవలలను ఎంతో ఇష్టంగా చదువుతున్నారు. రాబోయే కాలంలో ఎక్కడో ఒక సమాజం ఉంటుంది. మనుషులకు బాధ అనేదే తెలియకూడదని తీర్మానించుకున్న అక్కడి పెద్దలు వాళ్ల జ్ఞాపకాలను తమ అదుపులో పెట్టుకుంటారు. ఆ సంగతి కనిపెట్టిన పిల్లలు ఎదురు తిరుగుతారు. స్థూలంగా ఇదే కథ. ఇవి మనసు పాడుచేసే పుస్తకాలని, చదువుకు అడ్డమని హాస్టళ్లలో లాక్కుంటున్నారని విని, కడపలో పాఠాలు చెప్పే అధ్యాపకురాలిగా నా అభిప్రాయం పాఠకుల ముందు పెట్టాలనుకున్నాను.

ఈ కోవలో ఎక్కువమంది చదివినది లోయిస్ లౌరీ అనే అమెరికా రచయిత్రి 1993లో రాసిన 'ది గివర్'. మరుసటి ఏడాది దానికి, అమెరికాలో పిల్లల పుస్తకాలకు ఇచ్చే న్యూబెరీ పతకం వచ్చింది. అందులోని ఊరికి నొప్పి తెలియదు, యుద్ధం తెలియదు, రంగులు కూడా తెలియవు. గతమంతా ఒకే ఒక్క ముసలాయన మనసులో దాచి ఉంటుంది. ఆయన దగ్గర ఆ జ్ఞాపకాలను అందుకోవడానికి పన్నెండేళ్ల కుర్రవాడిని ఎంపిక చేస్తారు. జనాభా పెంచుకుందామా అని ఊరి పెద్దలు ఒకప్పుడు ఆ ముసలాయనను సలహా అడిగారని, ఎన్నో తరాల కిందటి ఆకలి జ్ఞాపకం ఆయనలో మెదిలి వద్దని చెప్పారని అందులో ఒకచోట వస్తుంది. రాయలసీమలో పుట్టినవాళ్లు ఆ పేజీని ఊరికే తిప్పేయలేరు. 1876–78 నాటి ధాత కరువును కళ్లతో చూసినవాళ్లు ఎవరూ మిగలకపోయినా, ఆ మాట మాత్రం మన పెద్దల నోట బతికే ఉంది. కరువు జ్ఞాపకమే మన సీమవాళ్లకు నీటి విలువ, గింజ విలువ నేర్పింది. బాధాకరమైన జ్ఞాపకానికి కూడా ఒక పని ఉంటుందని ఆ నవల చెప్పే సంగతి మన పిల్లలకు కొత్తది కాదు, సొంతది.

సుజాన్ యంగ్ 2013లో ప్రచురించిన 'ది ప్రోగ్రామ్' ఇంకా సూటిగా మానసిక ఆరోగ్యం గురించే. కౌమారంలోని పిల్లల ఆత్మహత్యలు అంటువ్యాధిలా వ్యాపించిన కాలంలో, దిగులుగా కనిపించిన వాళ్లను తీసుకువెళ్లి, దిగులుతో పాటు దానికి సంబంధించిన జ్ఞాపకాలన్నీ చెరిపేసి ఇంటికి పంపుతుంటారు. అందుకే ఆ పిల్లలు ఎవరి ఎదుటా కంటనీరు పెట్టరు.

నా తమ్ముడి కూతురు ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదువుతోంది. వాళ్ల అవ్వ, అంటే అమ్మ తల్లి, చనిపోయిన సంగతి పరీక్షలు అయ్యేదాకా దానికి చెప్పలేదు. చెప్పాక ఏడుస్తుంటే, "అవన్నీ మర్చిపో, ఎంసెట్ దగ్గర పడింది" అన్నారట. సెలవులకు వచ్చినప్పుడు దాని సంచిలో ఈ నవల కనిపించింది. ఫిజిక్స్ రికార్డు లాగా దానికి ఖాకీ అట్ట వేసి, పైన పేరు, రోల్ నంబరు రాసిపెట్టుకుంది. ఆ కథలో పిల్లలు ఏడుపు దాచుకునే చోటల్లా మార్జిన్‌లో పెన్సిల్‌తో సన్నటి గీతలున్నాయి. ఇంత దిగులు పుస్తకం ఎందుకమ్మా అని అడిగితే, "ఈ దుఃఖం పోతే మా అవ్వ కూడా పోతుంది కదత్తా" అంది. ఆ పుస్తకం పిల్లల్ని పట్టి ఉంచడానికి ఇంతకన్నా పెద్ద కారణం నాకు తోచలేదు. చీకటి మీద మోజుతో వాళ్లు దాన్ని చదవడం లేదు. తమ దుఃఖం తమదేనని ఒప్పుకునే మాట కోసం వెతుక్కుంటున్నారు. ఇంట్లోనూ కాలేజీలోనూ ప్రేమతోనే అయినా మనం చెప్పేది మర్చిపొమ్మనే.

అయితే ఇటువంటి నవలల మీద ఒక అభ్యంతరాన్ని మాత్రం నేను తేలికగా తీసుకోలేను. చికిత్స చేసేవాళ్లే వీటిలో శత్రువులు. చదివిన పిల్ల రేపు నిజంగా అవసరం పడినప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లడానికి జంకవచ్చు. జ్ఞాపకాలు చెరపడమనే ఊహ పూర్తిగా గాలిలోంచి పుట్టిందీ కాదు. గుర్తుకు తెచ్చుకున్న భయం కొద్దిసేపు అస్థిరంగా మారుతుందని, ఆ సమయంలో అది తిరిగి నిలదొక్కుకోకుండా చేయవచ్చని 2000లో నాదర్, లెడూ తదితర శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో చూపారు. కానీ మనిషి మనసులోంచి కోరిన జ్ఞాపకాన్ని ఏరి తీసేసే వైద్యం ఈనాటికీ లేదు. మంచి కౌన్సెలర్ చేసే పని దానికి పూర్తిగా భిన్నం. జరిగినదాన్ని ధైర్యంగా తలచుకుని, నోరు విప్పి చెప్పుకోగలిగేలా తోడుంటారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాల గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించాలే తప్ప శిక్షించకూడదని కూడా అందులో ఉంది. ఈ సంగతులు పిల్లలకు చెప్పాల్సింది పెద్దలమే. పుస్తకం లాక్కుంటే చెప్పే అవకాశం కూడా పోతుంది.

విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతికి సంబంధించిన కేసులో, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కర్ గానీ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో ఆదేశించింది. మన జిల్లాలోని కాలేజీల యాజమాన్యాలు ముందు ఆ నియామకం చేసి, ఆ కౌన్సెలర్ గదిలోనే ఈ నవలలు నాలుగు పెట్టిస్తే, వాటి గురించి మాట్లాడటానికైనా పిల్లలు ఆ గడప తొక్కుతారు.

ఇంటిపన్నుతో పాటు మనమంతా గ్రంథాలయ పన్ను కడుతున్నాం. పోటీ పరీక్షల పుస్తకాల పక్కన వీటికీ కొంత చోటివ్వాలని జిల్లా గ్రంథాలయ సంస్థను కోరుతున్నాను. ఇంగ్లీషు అంతగా రాని పిల్లల కోసం ఇటువంటి కథలు తెలుగులో, మన ఊళ్లలో జరిగేవిగా రావాలి. మీ ఆదివారం అనుబంధంలో ఒక ధారావాహికకు అవకాశమిస్తే రాసేవారు ముందుకు వస్తారని నా నమ్మకం. గ్రంథాలయం ఈ నవలలు కొన్నప్పుడు లోపలి అట్ట మీద 14416 అనే నంబరు ముద్ర వేయించాలి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ నంబరు. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు.

ఇట్లు
ఒక అధ్యాపకురాలు, కడప