శుక్రవారం కూటం స్థలం మారింది
అందరికీ వందనాలు. ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థన హన్మకొండలో కాదు, కాజీపేటలో మా ఇంట్లో, పొద్దున 10 గంటలకు. హన్మకొండలో మనం కూడుకునే ఇంటి ఓనర్ మీద గల్లీవాళ్ళు ఒత్తిడి తెచ్చారు, ఆయన్ని తప్పుపట్టకండి.

మొన్న అక్కడ ప్రార్థనలో ఉండగా గేటు ముందు అరుపులు మొదలవగానే టెన్షన్‌తో నా చేతిలో పాటల పుస్తకం జారిపోయింది. మా అత్తమ్మ మాత్రం కళ్ళు తెరవలేదు, పాట ఆపలేదు. నిజం చెప్పాలంటే, 20 ఏళ్ళుగా ప్రార్థన చేస్తున్నా ప్రభువు నా పక్కనే కూర్చున్నట్టు అనిపించింది అప్పుడే. బైబిల్లో, ఫిలిప్పీ చెరసాలలో పౌలు, సీల దెబ్బలు తిని కూడా అర్ధరాత్రి ఎలా పాడారో కొంచెం అర్థమైంది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చదువుకుని రండి.

వీడియోలు స్టేటస్ పెట్టకండి, ఎవరితోనూ వాదన వద్దు. అరిచినవాళ్ళలో మాకు పాలు పోసే పిల్లగాడూ ఉన్నాడు. తెల్లారి గిన్నెలో పాలు పోస్తూ తలెత్తలేదు. వాడి పేరు కూడా ప్రార్థన చీటీలో రాశాను.