ఖాళీ బాక్సులో బేస్

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న మీ జిల్లా పేజీలో మా పక్క ఊరి అమ్మవారి పండగ వార్త చదివాను. మ్యూజికల్ నైట్ గురించి నాలుగు పేరాలు రాసారు, అందులో మూడు పేరాలు సౌండు సిస్టం గురించి, లైట్ల గురించి, స్టేజీ వెనకాల కట్టిన ఎల్‌ఈడీ తెర ఎన్ని అడుగులో దాని గురించి, నాలుగో పేరాలో వచ్చిన పెద్దల పేర్లు. పాడినోళ్ళ పేరు గానీ డోలక్ వాయించినాయన పేరు గానీ ఒక్కటంటే ఒక్కటి లేదు. మీ విలేకరిని అనడం లేదు లెండి, ఆ కుర్రాడు రాసింది జనం మాట్లాడుకున్నదే. మర్నాడు టీ కొట్టు దగ్గర నేను విన్నదీ అదే, "ఎన్ని బాక్సులెట్టినారు గురూ, ఊరు దద్దరిల్లిపోనాది" అని. ఏం పాటలు పాడారయ్యా అంటే ఒకడి మొహం ఒకడు చూసుకున్నారు. దీని మీద నాకు చెప్పాల్సింది కొంచెం ఉంది, కొంచెం ఎక్కువే ఉంది, చోటుంటే వెయ్యండి లేకపోతే కత్తిరించైనా వెయ్యండి.

నేను విజయనగరం దాసన్నపేటలో ఇరవయ్యేళ్ళ పైన మైకు సెట్టు షాపు నడిపినవాణ్ణి. రెండు ఇనప బాకాలు, ఒక అహూజా యాంప్లిఫయరు, ఒక స్టాండు మైకుతో మొదలుపెట్టా, తర్వాత కాలమ్ బాక్సులు కొన్నా, తర్వాత అప్పు చేసి పెద్ద బేస్ బాక్సులు కొన్నా, డీజేలు వచ్చాక ఇంక నావల్ల కాదని తీసేసి ఇప్పుడు జెరాక్సు షాపు పెట్టుకున్నా. కాబట్టి ఇది గట్టు మీద కూర్చుని చెప్తున్న నీతి కాదు, ఈ తప్పులో నా వాటా కూడా ఉంది, అది ముందే చెప్పేస్తాను.

ఆర్కెస్ట్రా వాళ్ళు నా దగ్గరకొచ్చి, "అన్నా, పనిచేసేవి రెండు చాలు, ఇంకో నాలుగు ఉత్తివి ఇయ్యి" అనేవారు. ఉత్తివి అంటే స్పీకరు కాలిపోతే తీసేసిన డబ్బాలు, ముందు జాలీ ఉంటుంది, చుట్టూ నల్ల రంగేసిన ప్లైవుడ్డు, మధ్యలో గాలి. ఒక్కోదానికి యాభై రూపాయలు పుచ్చుకునేవాణ్ణి. మొదట్లో నాకు అర్థం కాలేదు, ఎందుకురా ఈ మోత బరువు అంటే, "సెట్టు చిన్నగా కనబడితే ఒప్పుకున్న డబ్బుల్లో కోతెడతన్నారన్నా" అన్నాడు ఒకడు. నిజమే, తర్వాత నేను కూడా కళ్ళారా చూసాను. వ్యాన్ దిగుతుండగానే పెళ్ళివారి తరఫు మనిషి ఒకాయన వచ్చి బాక్సులు లెక్కపెట్టుకుంటాడు, కోడిపెట్టల్ని లెక్కపెట్టినట్టు. పాడే అమ్మాయి ఎవరు, కీబోర్డు ఎవరు అని అడగడు.

నెల్లిమర్ల దగ్గర ఒక పెళ్ళిలో జరిగింది చెప్తాను. ఆ రోజు ఆరు బాక్సులు పెట్టాం, నాలుగు ఉత్తివే. పాట మొదలైన కాసేపటికి పెళ్ళికూతురి మేనమామ నా దగ్గరకొచ్చి పక్కనున్న బాక్సు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని తలూపుతూ, "ఏటి బేసు బావూ, గుండెల్లో తన్నేస్తంది" అన్నాడు. ఆ బాక్సులో ఏమీ లేదండి, వెనకాల పలక కూడా లేదు, మా కుర్రాళ్ళు చెప్పులు, టిఫిన్ క్యారేజీ అందులోనే పెట్టుకున్నారు. నేను అవునండి అన్నాను, నవ్వు ఆపుకోలేక వైర్లు సర్దుతున్నట్టు వంగిపోయాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పి నవ్వుకున్నాం గానీ, పడుకున్నాక కొంచెం సిగ్గేసింది కూడా. ఆ డబ్బాలు రెండు ఇప్పటికీ మా పెరట్లో ఉన్నాయి, ఒకదాంట్లో కోడి పొదుగుతోంది.

ఇది మన ఊళ్ళో తెలివే అనుకునేవాణ్ణి, కాదుట. మా అబ్బాయి వైజాగ్‌లో ఉద్యోగం చేస్తాడు, గిటారు పిచ్చి, వాడు చెప్పాడు. లండన్‌లో డ్రమ్ముల షాపు నడుపుకునే జిమ్ మార్షల్ అనే ఆయన 1962లో గిటారు యాంప్లిఫయర్లు తయారుచెయ్యడం మొదలుపెట్టాడంట, ఆ మార్షల్ డబ్బాలు స్టేజీ వెనకాల గోడలాగ పేర్చడం రాక్ బ్యాండులకి పెద్ద ఫ్యాషనైపోయింది, ఆ గోడల్లో స్పీకర్లు లేని ఖాళీ డబ్బాలు కూడా బోలెడుంటాయంట, పెద్ద పెద్ద పేరున్నోళ్ళ స్టేజీల మీద కూడా. యాభై రూపాయలకి నేను చేసిన పని వాళ్ళు లక్షల మీద చేసారన్నమాట. మళ్ళీ వాడే ఇంకోటి కూడా చూపించాడు, క్వీన్ అనే బ్యాండులో గిటారు వాయించే బ్రయాన్ మే కుర్రతనంలో వాళ్ళ నాన్నతో కలిసి ఇంట్లోనే గిటారు చేసుకున్నాడు, పాత చలిమంట గూటికి ఉన్న చెక్కతోటి, మెడ మీద చుక్కలేమో వాళ్ళమ్మ కుట్టు డబ్బాలో గుండీలు. ఇన్నేళ్ళూ ఎక్కువగా దాంతోనే వాయిస్తున్నాడు. ఆ గిటారు ఫోటో మన కమిటీ వాళ్ళకి వాట్సాప్‌లో పంపితే అడ్వాన్సు ఇచ్చేవారా అని మా వాడి ప్రశ్న. నేనేం చెప్పను.

వాట్సాప్ అంటే గుర్తొచ్చింది. ఇప్పుడు ఆర్కెస్ట్రా మాట్లాడుకోవడం అంటే "సెట్టు ఫోటో పెట్టండి" అన్నదే మొదటి మాట, పాట పెట్టమని ఎవరూ అడగరు. అందువల్ల ఏమైందంటే, వాళ్ళు కూడా మనుషుల్ని తగ్గించి డబ్బాలు పెంచుకున్నారు. నా షాపు కొత్తల్లో ఒక పార్టీ అంటే ఎనిమిది తొమ్మిదిమంది దిగేవారు, తబలా ఒకరు, డోలక్ ఒకరు, కాంగో ఒకరు, వయొలిన్ ఒకరు, ఫ్లూటు ఒకరు, కాసియో, గిటారు, ఇద్దరు పాడేవారు. ఇప్పుడు పాడేవాళ్ళిద్దరు, కీబోర్డు ఒకడు, కరెంటు డ్రమ్ముల ప్యాడ్స్ ఒకడు, మిగతా మనుషులంతా పెన్‌డ్రైవ్‌లో ఉన్నారు. ఇచ్చే డబ్బులు ఎంత పెరిగినా లైట్లకీ బాక్సులకీ జనరేటర్‌కీ పోగా మిగిలేది వీళ్ళు పంచుకోవాలి, ఆ మిగిలేదాంట్లో తొమ్మిదిమంది ఎలా బతుకుతారు? నాకు తెలిసిన ఒక తబలా ఆయన, చెయ్యి పడితే హాలు హాలంతా తలూపేది, ఇప్పుడు అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా చేస్తున్నాడు.

చీపురుపల్లి వైపు ఒక ఊళ్ళో పండగకి వెళ్ళానండి, మా తోడల్లుడిది ఆ ఊరు. స్టేజీకి రెండు పక్కలా ద్రాక్ష గుత్తుల్లాగ వేలాడదీసిన బాక్సులు, పొగ, తిరిగే లైట్లు, మా తోడల్లుడు నా భుజం మీద చరిచి, "చూసారా అన్నయ్యా, మీ రోజుల్లో ఇలగుండేదేటి" అన్నాడు. మంచి ఊపులో పాట సాగుతుండగా కీబోర్డు దగ్గర వైరు ఊడిపోయిందో ఏమో దాని మీద లైటు ఆరిపోయింది. నేను మైకు సెట్టు వాణ్ణి కదా, నా కళ్ళు అటే ఉంటాయి. లైటు ఆరిపోయింది, మ్యూజిక్ మాత్రం సాగుతూనే ఉంది, కీబోర్డు ఆయన చేతులు కూడా సాగుతూనే ఉన్నాయి పాపం, తల ఊపుతూ మరీ వాయించేస్తున్నాడు. ఆ చీకటి కీబోర్డు మీద ఆయన పాట మొత్తం పూర్తి చేసాడు. చప్పట్లు మామూలుగా కొట్టలేదు జనం.

నాకంతా తెలుసు, నేను మోసపోను అనుకునేవాణ్ణి. పోయిన ఏడు మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి రింగ్ రోడ్డులో ఒక ఫంక్షన్ హాల్లో చేసారు. సాయంత్రం ఒక ఆటో వచ్చి ఆగింది, అందులోంచి నలుగురు దిగారు, రెండు పాత కాలమ్ బాక్సులు, ఒక స్టాండుకి కాలు విరిగితే ప్లాస్టిక్ తాడుతో కట్టుంది, కీబోర్డు మీద రెండు మెట్లకి పసుపు టేపు, డోలక్ తోలుకి ఒక పక్క అతుకు. నేను మా ఆవిడతో, "అయిపోయిందే, తొందరగా భోంచేసి పోదాం పద" అనేసాను. ఇరవయ్యేళ్ళు ఈ పనిలో ఉన్న మనిషిని, ఖాళీ డబ్బాలు అద్దెకిచ్చిన మనిషిని, నేనే అన్నాను.

భోజనానికి ఇంకా పిలవలేదు గాబట్టి కూర్చుని చూస్తున్నా. పాడే ఆవిడ, నలభై దాటుంటాయి, హాలు మధ్యలోకి వచ్చి గట్టిగా ఒక చప్పట కొట్టి ఆగింది. చుట్టూ టైల్సు, అద్దాలు, ఆ చప్పట నాలుగు గోడల్నీ తగులుకుని తిరిగొచ్చింది. వెంటనే వెళ్ళి మిక్సర్ మీద ఎకో మొత్తం తగ్గించేసింది. మామూలుగా ఎకో ఎంత పెంచితే అంత సినిమా సౌండు అనుకుంటారు మనవాళ్ళు, ఆ హాల్లో దానికి ఎకో కలిపితే మాటలన్నీ పులుసులో ముక్కల్లాగ కలిసిపోతాయి. తర్వాత మైకుల వెనకాల పెట్టిన బాక్సుల్ని మైకుల కంటే రెండడుగులు ముందుకి జరిపించింది, అలా జరిపితే మైకు కుయ్యిమని కూత పెట్టదు. వైర్లన్నీ కాళ్ళకి తగలకుండా గోడవారగా లాగి టేపు అంటించారు. డోలక్ ఆయన కింద తువ్వాలు పరుచుకుని, తాళ్ళకున్న రింగులు ఒక్కోటీ లాగి, రెండు వేళ్ళతో తట్టి చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ లాగి, ఇలా పావుగంట. ఎవరైనా పలకరిస్తే చెయ్యి చూపించి ఆగమన్నాడు. అక్కడే నాకు అనుమానం తగిలింది, మనం నోరు జారేసామేమో అని.

అద్భుతం జరిగిపోయిందని చెప్పను. కీబోర్డు కుర్రాడు పర్లేదు అంతే, మగ గొంతు పాడినాయన పై స్థాయికి వెళ్ళినప్పుడల్లా కొంచెం కిందకి జారుతున్నాడు. కానీ ఆ డోలక్ ఉందే, పాటని ఎక్కడా తరమకుండా, చరణంలోకి వెళ్ళేటప్పుడు చిన్న మలుపు తిప్పి వదిలేవాడు, ఆ మలుపు దగ్గర మా పెద్దమ్మ, ఎనభై రెండేళ్ళ మనిషి, ఐస్‌క్రీం కప్పులో చెంచా అలాగే ఉంచేసి ఆయన చేతికేసి చూస్తూ ఉండిపోయింది. సౌండు ఎంత పెట్టారంటే వెనక వరసలో చుట్టాలు మామూలుగా మాట్లాడుకుంటున్నారు, పాట కూడా స్పష్టంగా వినబడుతోంది. నేను భోంచేసాక కూడా గంటన్నర కూర్చున్నా, మా ఆవిడ ఎత్తిపొడుపులు పడుతూనే.

అప్పట్నుంచీ ఆలోచిస్తున్నా. సామాను చూసి అంచనా వెయ్యడం అసలే తప్పనను, వంటవాడి కత్తి చూస్తే వాడి పని కొంత తెలిసినట్టు ఇక్కడా తెలుస్తుంది, కానీ మనం చూసేది సామాను సైజు, రేటు, మెరుపు. చూడాల్సింది వైర్లు ఎలా పరిచారు, శ్రుతి చేసుకోడానికి ఎంతసేపు కూర్చున్నారు, హాలు ఎలా ఉందో ఎవరైనా గమనించారా అని. వాట్ల లెక్క కూడా జనానికి తెలీదు, అయిదు వందల వాట్ల బదులు వెయ్యి వాట్లు పెడితే రెండింతలు మోగుతుందనుకుంటారు, నిజానికి పెరిగేది 3 డెసిబెల్సు (మోతని కొలిచే లెక్క అది), చెవికి కాస్త తేడా తెలుస్తుందంతే. చెవికి రెండింతలు అనిపించాలంటే వాట్లు సుమారు పదింతలు కావాలి. పదింతలు తెచ్చి రెండొందలమంది పట్టే హాల్లో పెడితే ఇంక వినడానికేం ఉంటుంది, చెవుల్లో దూది పెట్టుకోడం తప్ప.

అసలు ఈ మాట విజయనగరం వాళ్ళకి చెప్పాల్సి రావడమే నాకు చిత్రం. మన సంగీత కళాశాల పెట్టింది 1919లో, మొదటి ప్రిన్సిపాలు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు గారు. చేతిలో చిడతలు, కాళ్ళకి గజ్జెలు, మైకు లేదు ఏమీ లేదు, ఆ సామానుతో రాత్రి రాత్రంతా హరికథ చెప్పి జనాన్ని కూర్చోబెట్టినాయన. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ కాలేజీలో విద్యార్థిగా చేరదామని వస్తే, దాసు గారు ఆయన వయొలిన్ విని, నువ్వు నేర్చుకోడమేంటి నేర్పు అని మాస్టారిగానే పెట్టుకున్నారని ఇక్కడ చెప్పుకుంటారు. అప్పటికి నాయుడు గారికి పాతికేళ్ళు దాటాయంతే. విన్నాక తేల్చారు, గమనించండి, వయొలిన్ ఏ కంపెనీదో చూసి కాదు. మన పల్లెల్లో తప్పెటగుళ్ళు ఆడి పాడే వాళ్ళని చూడండి, గుండెల మీద కట్టుకునేవి రేకు గుళ్ళు, ఆ రేకు మీద పదిహేనుమంది ఒక్క దెబ్బ వేస్తే వీధి చివర ఇంట్లో పడుకున్నోడు లేచి వస్తాడు.

ఇంకో ముక్క. పక్కనే బొబ్బిలి, అక్కడ గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి వీణ చేస్తారు, చూడ్డానికే కాదు వాయించడానికి చేసిన వస్తువు. మన మ్యూజికల్ నైట్లలో ముఖ్య అతిథులకి దాని బుల్లి బొమ్మ ఒకటి అద్దాల పెట్టెలో పెట్టి ఇస్తారు, అది షోకేసులోకి పోతుంది. ఆ నైటుకే అసలు వీణ వాయించే మనిషిని పిలవచ్చు కదా అని ఒకసారి మా కమిటీలో అడిగితే, "వీణకి సెట్టేం కనపడతాది బాబాయ్" అన్నారు.

అందుకని మీకో విన్నపం, మీ విలేకరులకి కొంచెం చెప్పండి, ఇలాంటి వార్తలు రాసినప్పుడు డోలక్ ఎవరు, కీబోర్డు ఎవరు, పాడిందెవరు అని కనుక్కుని పేర్లు వెయ్యమని. పేపర్లో పేరు పడితే ఆ కటింగు చూపించి వాళ్ళు ఇంకో ప్రోగ్రాం తెచ్చుకుంటారు, డబ్బాల ఫోటో అవసరం ఉండదు. పండగ కమిటీల వాళ్ళు కూడా బేరం ఆడేముందు ఫోటో కాదు, మైకు లేకుండా ఫోన్లో పల్లవి ఒకటి పాడించుకోండి, డోలక్ నాలుగు దెబ్బలు వినండి, రెండు నిమిషాల పని.

మా వీధి దసరా కమిటీ మీటింగు వచ్చే ఆదివారం ఉంది. ఆ ఆటోలో వచ్చిన నలుగురి నంబరు మా పెద్దమ్మ కొడుకు దగ్గర తీసుకుని పెట్టుకున్నాను. సెట్టు ఫోటో పంపమంటారు, అది తెలుసు నాకు. పంపను.

ఇట్లు,
ఒక పాత మైకు సెట్టు వాడు,
దాసన్నపేట, విజయనగరం