నాన్న మైళ్ళు అమ్మకి చేరాయి – గన్నవరం అమ్మాయికి కృతజ్ఞతలు

రాత్రి పదకొండు దాటింది. రేపు పొద్దున్నే కాలేజీలో పాఠం చెప్పాలి, అయినా ఇది రాయకుండా పడుకోలేను. రేపటికి సర్దుకుంటాను, సర్దుకున్నాక రాస్తే ఏదో ఉత్తరంలా ఉంటుంది. అందుకే ఇప్పుడే రాస్తున్నా. తప్పులుంటే మన్నించండి.

నిన్న సాయంత్రం అమ్మ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. నాన్న విమాన మైళ్ళు 41,260 అమ్మ ఖాతాలో జమయ్యాయి. మైళ్ళంటే విమానం ఎక్కిన ప్రతిసారీ ఆ సంస్థవాళ్ళు మన పేరున వేసే పాయింట్లు, వాటితో తర్వాత టికెట్ తీసుకోవచ్చు. అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. ఫోన్ పట్టుకుని వంటింట్లోంచి వచ్చి "ఇదేంటో చూడవే, బ్యాంకు వాళ్ళేనా?" అంది. చదివి చెప్పడానికి నాకు గొంతు రాలేదు.

తెలియనివాళ్ళకి చెబుతాను. మా నాన్న గుంటూరులో మిర్చి ఎగుమతుల కంపెనీలో ముప్పై ఏళ్ళు చేశారు. యార్డు నుంచి తేజ, 334 అనే మిర్చి రకాల శాంపిళ్ళు కవర్లలో కట్టించుకుని కొలంబో, ఢాకా, బ్యాంకాక్ తిరిగేవారు. ఆయన ఊరి నుంచి వచ్చి సూట్‌కేసు తెరిస్తే ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం. విమానం ఎక్కిన ప్రతిసారీ మైళ్ళు జమయ్యే ఆ సభ్యత్వ కార్డు నెంబరు రాయించేవారు. కాశీ కోసం. అమ్మని విమానంలో కాశీ తీసుకెళ్ళాలని. అమ్మ ఇంతవరకు విమానం ఎక్కలేదు. "ఇంకొన్ని చేరనీ, ఇద్దరికీ సరిపోవాలి" అనేవారు. సరిపోయేటన్ని చేరాయి. సంక్రాంతి వెళ్ళిన మూడో రోజు నాన్న వెళ్ళిపోయారు.

"ఆ కాసిని పాయింట్ల కోసం ఇంత తిరుగుడెందుకు, టికెట్లు నేను కొంటాలే" అని చాలామంది అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ అవి పాయింట్లు కావండీ. నా పదో తరగతి రిజల్ట్ వచ్చిన రోజు నాన్న ఢాకాలో ఉన్నారు. తమ్ముడికి చెయ్యి విరిగిన రోజు కొలంబోలో. ఆయన ఇంట్లో లేని రోజులన్నీ కలిపితే ఆ మైళ్ళు. వాటిని గడువు తీరిందని ఎవరో తుడిచేస్తే ఊరుకోవడం నావల్ల కాలేదు.

కాల్ సెంటర్‌కి ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. చనిపోయారని చెప్తే "సభ్యుడే స్వయంగా మాట్లాడాలి మేడం" అంటారు. ఇంకొకరు ఓటీపీ చెప్పమంటారు. ఆ సిమ్ రీఛార్జి చేయక ఆగిపోయింది, మా తప్పే, ఆ నెలల్లో ఎవరికి గుర్తుంటుంది! డెత్ సర్టిఫికెట్ జత చేసి మెయిల్ పెడితే జవాబు వచ్చింది. "మీకు కలిగిన లోటుకు చింతిస్తున్నాం" అని. ఎవరి పేరున? నాన్న పేరున. నాన్న పోయినందుకు నాన్ననే ఓదార్చారు. ఆ తర్వాతి వారం అదే చోటు నుంచి "మీ మైళ్ళకు త్వరలో గడువు తీరుతుంది, త్వరపడండి" అని ఇంకో మెయిల్. ఏం చెప్పను. ఒక ముసలావిడ ఒంటరిగా ఉండి ఇవన్నీ చేసుకోవాల్సి వస్తే ఏం కావాలి? పోయినవాళ్ళ కోసం ఒక నెంబరు, ఒక మనిషి, అంతేగా పెట్టాల్సింది. అన్ని వేలమందిని గాల్లో మోసేవాళ్ళకి ఇదొక పెద్ద పనా?

దానికి తోడు పేరు గొడవ. పాస్‌పోర్టు ప్రకారం ఆ కార్డు మీద పేరు ముందు, ఇంటిపేరు చివర. ఆధార్‌లో ఇంటిపేరు ముందు. డెత్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, దాని పక్కన చుక్క. మనవాళ్ళందరి పేర్లూ ఇంతేగా! "ముగ్గురు వేరువేరు వ్యక్తులుగా చూపిస్తోంది" అన్నారు. ముగ్గురూ మా నాన్నేనండీ.

ఇంక ఆ అమ్మాయి గురించి.

జులై మొదటి వారంలో ఒకరోజు సెలవు పెట్టి, గుంటూరులో బస్సెక్కి విజయవాడ, పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్లో మారి గన్నవరం వెళ్ళాను. ఎయిర్‌పోర్టులో కౌంటరు ఉంటుంది, మనిషితో మాట్లాడదామని. టికెట్ లేనిదే లోపలికి పంపరని అక్కడికెళ్ళాక గుర్తొచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పాపం మర్యాదగానే చెప్పాడు. ఫైలు గుండెలకి పెట్టుకుని అద్దం అవతల నిలబడ్డాను. ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. ఎండ మండిపోతోంది.

లోపల కౌంటర్లో ఉన్న అమ్మాయి చూసిందట. యూనిఫాంలోనే బయటికొచ్చింది. పాతికేళ్ళు దాటుంటాయేమో. "ఏటయింది మేడం, ఎవరికోసం?" అంది. ఆ 'ఏటయింది' వినగానే శ్రీకాకుళం వైపు పిల్ల అని తెలిసింది. నేనేం చెప్పానో నాకే గుర్తులేదు, ఫైలు ఇచ్చాను. పైనే నాన్న డెత్ సర్టిఫికెట్ ఉంది. ఆరు నెలలుగా ఆ కాయితం ఎంతమందికి చూపించానో. అందరూ నెంబరు చూస్తారు, తేదీ చూస్తారు, తిరిగిచ్చేస్తారు. ఆ అమ్మాయి అది మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివింది. చదివి, "నాన్నగారి ఫొటో ఉందా అక్కా?" అంది.

ఫోన్లో చూపించాను. చాలాసేపు చూసింది. "మా ఫ్లైట్లలో ఇన్నిసార్లు వెళ్ళారంటే నేను చూసే ఉండాలి. గుర్తు రావట్లేదక్కా, రోజుకి అంతమంది..." అంది. తప్పు చేసినట్టు మొహం పెట్టి చెప్పింది ఆ మాట. గుర్తుందని ఒక చిన్న అబద్ధం ఆడినా నాకు తెలిసేది కాదు. అక్కడే నాకు కన్నీళ్ళు ఆగలేదు. అప్పటిదాకా, కర్మ రోజు కూడా, నేను అంత ఏడవలేదు.

పార్కింగ్ పక్కన సిమెంటు గట్టు ఉంటే అక్కడ కూర్చోబెట్టింది. డ్యూటీ అయ్యాక మళ్ళీ వచ్చింది. ఫోన్లో వాళ్ళ నిబంధనల పేజీ తెరిచి వేలితో జరుపుకుంటూ పోయి, ఎక్కడో అడుగున "ఇదిగో అక్కా" అని చూపించింది. సభ్యుడు చనిపోతే ఆరు నెలల్లోపు చట్టబద్ధమైన వారసులు అడిగితే బదిలీ చేస్తారని ఉంది. కాల్ సెంటర్లో ఒక్కరు కూడా చెప్పని మాట! లెక్కేస్తే పదకొండు రోజులు మిగిలాయి.

"పాస్‌వర్డ్ మా తమ్ముడికి తెలుసు, లాగినై టికెట్ చేసేస్తానంటున్నాడు" అని చెప్పాను. "వద్దక్కా. పోయినవాళ్ళ ఖాతా ఇంకొకరు వాడారని తెలిస్తే మొత్తం రద్దు చేసేస్తారు, టికెట్ కూడా. సక్రమంగా అడుగుదాం, అయిపోద్ది" అంది. అడుగుదాం అంది. చూడండి, అడగండి అనలేదు.

ఫారం తీశాను. మొదటి గడిలోనే సభ్యుడి పేరు ముందు 'లేట్' అని రాయాలి. ఆ మాట నా చేత్తో ఇంతవరకు రాయలేదు. పెన్ను ఆగిపోయింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. పెన్ను తీసుకుని ఫైలు మోకాలి మీద పెట్టుకుని, "మీరు చెప్పండక్కా, నేను రాస్తా" అంది. గుండ్రటి పెద్దక్షరాలు. తప్పుపోతే వైట్‌నర్ పూయకూడదని ఒక్కొక్క గడీ వేలుపెట్టి చూసుకుని రాసింది. విమానం పైకి లేచినప్పుడల్లా రాయడం ఆపి, మోత తగ్గాక మళ్ళీ అడిగేది. "సభ్యుడితో సంబంధం" అన్న గడి వచ్చినప్పుడు నన్నడగలేదు. కూతురు అని తనే రాసింది.

వెనకాల ఖాళీ కాయితం మీద ఏమేం తేవాలో రాసిచ్చింది. డెత్ సర్టిఫికెట్ రంగు స్కానింగు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, అమ్మ ఆధార్, మిగిలిన వారసుల నిరభ్యంతర పత్రాలు, మూడు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్. కుటుంబ సభ్యుల పత్రం కోసం వార్డు సచివాలయంలో ఎప్పుడో పెట్టాం. సర్వర్ లేదని, సారు లేరని తిప్పి తిప్పి అప్పటికి ఇచ్చారు, డెత్ సర్టిఫికెట్ కాక అదొక్కటే చేతిలో ఉంది.

ఆ పదకొండు రోజుల్లో ఆ అమ్మాయి నాకు నాలుగుసార్లు ఫోన్ చేసింది. వాళ్ళ కంపెనీ పని కాదు అది, జీతంలో భాగం కాదు. "నోటరీ అయిందా అక్కా? ముద్ర స్పష్టంగా పడిందా?" అని. గడువుకి రెండు రోజుల ముందు పంపాం. పేరు రాయొద్దని బతిమాలింది, ఉద్యోగానికి ఏమైనా అవుతుందేమోనని. అందుకే రాయట్లేదు. తల్లీ, ఇది నీకు ఎవరైనా చూపిస్తే, నువ్వేనని నీకు తెలుసు.

తమ్ముడు, మా ఆయన, పెద్దమ్మ వాళ్ళు పిల్లల్ని చూసుకున్నారు, తిరిగారు, డబ్బు పెట్టారు. వాళ్ళకి వేరే చెప్పేదేముంది.

నాయనమ్మ సంగతి మాత్రం చెప్పాలి. కోర్టు దగ్గర అఫిడవిట్ టైపు చేసిన పెద్దాయన "మీ నాన్న తల్లి ఉన్నారా?" అని అడిగారు. ఉందన్నాను. "అయితే ఆవిడ సంతకం కూడా ఉండాలమ్మా. 1956 హిందూ వారసత్వ చట్టంలో భార్యా పిల్లలతో పాటు తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే" అన్నారు. మాకెవరికీ తట్టలేదు. నాయనమ్మ తెనాలి పక్కన బాబాయి దగ్గర ఉంటుంది, ఎనభై ఆరేళ్ళు. ఆదివారం వెళ్ళాను. కాయితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి వినిపించాను. నులకమంచం మీద కూర్చుని అంతా విని, "అంటే వాడు తిరిగిన దూరం కూడా లెక్కేసి దాచిపెట్టారటే?" అంది. అవును నాయనమ్మా అన్నాను. బొటనవేలు సిరాలో అద్దించి ముద్ర వేయించాను. ముద్ర పక్కన పేరు రాసి, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టారు. ఆ రోజంతా ఆవిడ వేలికి నీలం రంగు అలాగే ఉంచుకుంది, కడగనివ్వలేదు.

ఇలాంటి పని ఎవరికైనా పడితే ఒక్క మాట. అన్ని విమాన సంస్థలూ ఒకలా ఉండవు. కొన్ని చనిపోగానే ఖాతా మూసేస్తాయి, మైళ్ళు ఆస్తి కాదంటాయి. కొన్ని వారసులకిస్తాయి, దానికి గడువు పెడతాయి. కాల్ సెంటర్ మాట నమ్మి వదిలేయకండి, నిబంధనలు అడుగుదాకా చదవండి. పోయినవారి సిమ్ రీఛార్జి ఆపకండి, మెయిల్ మూయకండి. మైళ్ళొచ్చాక కూడా టికెట్ పూర్తిగా ఉచితం కాదు, పన్నులు చేతి నుంచి కట్టాలి. మరణం 21 రోజుల్లోపు నమోదు చేయించి, సర్టిఫికెట్ కాపీలు నాలుగైదు ఎక్కువే తీసుకోండి.

అయ్యో, టైపు చేసిన పెద్దాయనకి కృతజ్ఞత చెప్పనేలేదు. స్టాంపు కాగితం డబ్బులే తీసుకున్నారు, టైపింగుకి వద్దన్నారు. బ్రాడీపేటలో మా వీధి జిరాక్సు షాపు అబ్బాయి రాత్రి షట్టరు సగం దించి కూడా స్కాన్ చేసిపెట్టాడు. సచివాలయంలో వార్డు అమ్మాయి కూడా, సర్వర్ రాగానే ఫోన్ చేసి పిలిచింది, ఆఫీసు మీద కోపంలో ఆ అమ్మాయిని మరిచాను. మా ఫిజిక్స్ మేడం నా క్లాసులు రెండు తీసుకున్నారు. తెనాలిలో సాక్షి సంతకం చేసిన పక్కింటి మాస్టారు. ఇంకా ఎవరినో మరిచిపోతున్నాను. ఆ, గేటు దగ్గర సెక్యూరిటీ అతను. నేను గట్టు మీద కూర్చున్నప్పుడు నీళ్ళ సీసా తెచ్చిచ్చాడు, పుచ్చుకున్నానే గాని థాంక్స్ కూడా చెప్పలేదు.

కాశీ ఇప్పుడే కాదు. సంవత్సరీకం అయ్యాకే అన్నారు పెద్దలు. మాఘంలో అమ్మ, తమ్ముడు వెళ్తారు. హైదరాబాదులో మారాలి. నాన్న ఎప్పుడూ కిటికీ పక్కనే అడిగేవారు, దిగేటప్పుడు కృష్ణ కనిపిస్తుందని. అమ్మకీ కిటికీయే.

ఇందాక పడుకోబోతూ అమ్మ అడిగింది, "మాఘం దాకా అవి నిలవుంటాయా?" అని. ఉంటాయి, ఆ అమ్మాయిని అడిగానని చెప్పాను. కాసేపాగి, "ఆ పిల్ల గోంగూర తింటుందో లేదో కనుక్కో" అంది. ఇప్పుడు వంటింట్లో లైటు వెలుగుతోంది. సీసా కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.