ఈమెయిల్‌కూ, వాట్సాప్‌కూ రెండంచెల భద్రత కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు అదనపు ధ్రువీకరణ ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు 2009లోనే ఆదేశించింది. డిజిటల్ చెల్లింపుల్లో కనీసం రెండు వేర్వేరు ఆధారాలతో ఖాతాదారును నిర్ధారించుకోవాలనే కొత్త మార్గదర్శకాలను 2025 సెప్టెంబరులో జారీచేసి, 2026 ఏప్రిల్ 1ని గడువుగా పెట్టింది. అయితే ఈ నిబంధన చెల్లింపులకే పరిమితం. ఈమెయిల్‌కూ వాట్సాప్‌కూ పాస్‌వర్డ్ లేదా మొదటి కోడ్‌తో పాటు మరో ఆధారం అడిగే రెండో అంచె పెట్టుకోవడం మన ఇష్టానికే వదిలేసి ఉంది కాబట్టి చాలామంది దాని జోలికే పోవడం లేదు.

నిజానికి మొదట కాపాడుకోవలసింది ఈమెయిల్‌నే. ఏ వెబ్‌సైటులోనైనా పాస్‌వర్డ్ మరిచిపోయామంటే కొత్తది పెట్టుకునే లింకు సాధారణంగా ఈమెయిల్‌కే వస్తుంది కనుక, అది పరుల చేతిలో పడితే మిగతా ఖాతాలు ఒకదాని వెంట ఒకటి పోతాయి. వాట్సాప్ సంగతీ అంతే. ఎస్సెమ్మెస్‌లో వచ్చిన ఆరంకెల కోడ్‌ను మోసగాడికి చెప్పేస్తే, అతను మన పేరుతో బంధువులందరినీ అత్యవసరమంటూ డబ్బు అడుగుతాడు; సెట్టింగ్స్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ ముందే పెట్టుకున్నవారి ఖాతాలో ఆ ఒక్క కోడ్‌తో అతను ప్రవేశించలేడు.

ఎస్సెమ్మెస్ ఓటీపీ ఒక్కటే చాలనుకోవడం కూడా సరికాదు. మోసగాడు మన పేరుతో మన నంబరుకే మరో సిమ్ తీసుకుంటే ఓటీపీలన్నీ అటే వెళ్తాయి. ఫోన్లో ఒక నంబరు నొక్కించి, ఓటీపీ చెప్పే కాల్స్‌తో సహా మన కాల్స్‌ను దారి మళ్లించే మోసాలు పెరగడంతోనే 2024 ఏప్రిల్‌లో టెలికాం శాఖ ఆ తరహా కాల్ ఫార్వర్డింగ్‌ను నిలిపివేయించింది. ఇంతకన్నా మేలైనది అథెంటికేటర్ యాప్. అందులో సాధారణంగా ముప్పై సెకన్లకొకసారి మారే కోడ్ ఫోన్‌లోనే తయారవుతుంది, సిగ్నల్‌తో పని లేదు. ఇక్కడి సిమ్‌కు ఎస్సెమ్మెస్‌లు అందక ఇబ్బంది పడే విదేశాల్లోని మన పిల్లలకు ఇదొక పెద్ద వెసులుబాటు. ఆ కోడ్‌ను కూడా నకిలీ వెబ్‌సైటులో టైపు చేస్తే మోసపోతామన్నది నిజమే. పాస్‌వర్డ్‌కు బదులు ఫోన్ తెరిచే వేలిముద్ర, ముఖం లేదా పిన్‌తోనే లాగిన్ అయ్యే పాస్‌కీకి ఆ ప్రమాదం లేదు, అది అసలు సైటు చిరునామాలో తప్ప పనిచేయదు. ఫోన్ పోతే ఖాతా తెరుచుకోవడానికి గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి, ఇంట్లో దస్తావేజులతో పాటు భద్రపరచుకోవాలి.

ఇవన్నీ పెద్దవయసు వారు ఒంటరిగా చేసుకోగలిగినవి కావు. ‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అన్న హెచ్చరికతో వారికి సరిపెడుతున్నాం. లైఫ్ సర్టిఫికెట్ల కోసం పెన్షనర్లు బ్యాంకులకు వచ్చే నవంబరులో, ప్రతి శాఖలోనూ ఒక ఉద్యోగి వారిని పక్కన కూర్చోబెట్టుకుని, వారి ఫోన్లో వారి చేతే ఈ అమరికలు చేయించాలి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలూ, తెలంగాణలో మీసేవ కేంద్రాలూ ఇదే పని చేయవచ్చు. రెండు ప్రభుత్వాలూ, బ్యాంకుల యాజమాన్యాలూ ఈ విషయంలో వెంటనే ఆదేశాలివ్వాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, గుంటూరు