20 లీటర్ల క్యాను ఎత్తకండి, నీళ్లు తోడుకోండి

సంపాదకులకు నమస్కారం.

ఎండలు మొదలైతే హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర చూసినా నీళ్ల క్యాన్లే. ఇదే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ద్రాక్ష విరివిగా దొరుకుతుంది కాబట్టి ఇంట్లో వైన్, వెనిగర్ పెట్టుకునేవాళ్లు 20 లీటర్ల గాజు బుడ్లు బయటికి తీస్తారు. ఇంగ్లిష్‌లో వాటిని కార్బాయ్ అంటారు, ఆ మాట పారసీ ‘కరాబా’ నుంచి వచ్చింది. క్యాను దగ్గర నడుము పట్టేసినా, బుడ్డి పగిలి చెయ్యి తెగినా తప్పు ఒకటే. లోపలున్నది తోడుకుంటే సరిపోయే చోట పాత్రనే ఎత్తుతున్నాం.

క్యానులో నీళ్లు 20 కిలోలు, క్యాను బరువు ఇంకో ముప్పాతిక కిలో. పాతిక కిలోల బియ్యం బస్తా మోసేవాళ్లకి ఇదేం బరువు అనిపిస్తుంది. కానీ బస్తా భుజానికి అతుక్కుంటుంది, లోపల బియ్యం కదలవు. క్యాను నున్నగా, గుండ్రంగా ఉంటుంది. చల్లటి నీళ్లుంటే పైన చెమ్మ పట్టి ఇంకా జారుతుంది. నిండుకుండ తొణకదంటారు. సగం క్యాను మాత్రం బాగా తొణుకుతుంది, నీళ్లు ఎటు ఒరిగితే బరువూ అటే లాగుతుంది. బరువులు ఎత్తడం గురించి పనిచేసేవాళ్ల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే అమెరికా సంస్థ నయోష్ 1991లో సవరించిన సూత్రం ప్రకారం, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడే 23 కిలోలు ఎత్తవచ్చు. అది కూడా చీలమండల నుంచి చేతులు 25 సెంటీమీటర్ల లోపు ఉంటేనే. ఆ దూరం 50 సెంటీమీటర్లయితే పరిమితి సగానికి, అంటే 11.5 కిలోలకి పడిపోతుంది. డిస్పెన్సర్ మీద క్యాను తలకిందులు చేసేటప్పుడు చేతులు దాదాపు అంత దూరం చాస్తాం, పైగా నడుము మెలిపెడతాం.

అందుకే తలకిందులు చేసే డిస్పెన్సర్ కంటే మూతికి బిగించే పంపు మేలు. చేత్తో నొక్కేదైనా, ఛార్జింగ్‌దైనా ఫరవాలేదు. కుర్చీ ఎత్తున, 45 సెంటీమీటర్ల గట్టి చెక్క స్టూలు గానీ ఇనప స్టాండు గానీ వంటింట్లో పెట్టి, క్యాను తెచ్చిన అబ్బాయినే నేరుగా దాని మీద పెట్టమనాలి. పల్చటి ప్లాస్టిక్ స్టూలు వద్దు, కాళ్లు విచ్చుకుంటాయి. క్యాను మార్చిన ప్రతిసారీ పంపు గొట్టం కడగాలి. లేకపోతే లోపల జిగట పొర పడుతుంది.

ఎత్తక తప్పదనుకుంటే ముందు క్యానునీ, నేలనీ పొడిగుడ్డతో తుడవాలి. తడి స్లిప్పర్లు విప్పేయాలి. చీర కుచ్చిళ్లు, లుంగీ అంచు కాళ్లకి అడ్డం రాకుండా దోపుకోవాలి. ఒక మోకాలు నేలకి ఆనించి, క్యానుని ఒంపి రెండో కాలి తొడ మీదికి దొర్లించాలి. ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి మెడ దగ్గర ఉంచి, పొట్టకి హత్తుకుని కాళ్ల బలంతో లేవాలి. తిరగాల్సి వస్తే పాదాలతోనే తిరగాలి. గర్భిణులు, హెర్నియా ఆపరేషన్ అయినవాళ్లు, ఎముకలు పల్చబడ్డ పెద్దవాళ్లు దీని జోలికే పోకూడదు. చెయ్యి జారితే వదిలేసి వెనక్కి జరగాలి, పట్టుకోబోకూడదు.

గాజు బుడ్డి సంగతి ఇంకా కష్టం. ఖాళీ బుడ్డే 6, 7 కిలోలుంటుంది. పంచదార కలిసిన ద్రాక్షరసం నీటికంటే బరువు కాబట్టి నిండితే 28 కిలోల దాకా తూగుతుంది. మెడకి తగిలించే హ్యాండిల్ ఖాళీ బుడ్డికే. నిండుదాన్ని దాంతో ఎత్తితే భారమంతా మెడ మీద పడి అక్కడే విరగవచ్చు. మరో ప్రమాదం గ్రానైట్ గట్టు. దించేటప్పుడు అడుగు అంచు టక్కుమని తగిలితే చాలు, కంటికి కనపడని బీట పడుతుంది. నాలుగు రోజులాగి చేతుల్లోనే రెండు ముక్కలవుతుంది. ఆ అంచు మణికట్టుని లోతుగా కోసేస్తుంది. కింద మడిచిన గోనెసంచి వెయ్యాలి. చల్లటి బుడ్డిలో వేడి పాకం పొయ్యకూడదు, మరిగిన నీళ్లతో కడగకూడదు. మామూలు గాజు ఆ తేడాకి ఆగదు.

మొదటి రోజే ఖాళీ బుడ్డిని గట్టు మీద దాని చోట పెట్టి, గరాటుతో చెంబెడు చెంబెడు నింపాలి. పులిసి మడ్డి పేరాక కూడా దాన్ని కదపకూడదు, కదిపితే మడ్డి మళ్లీ పైకి లేస్తుంది. కిందనున్న 5 లీటర్ల సీసాల్లోకి సైఫన్ గొట్టంతో దించుకుంటే ఒక్కోటి సుమారు 7 కిలోలే ఉంటుంది. జరపక తప్పకపోతే పాల ప్యాకెట్లొచ్చే ప్లాస్టిక్ క్రేటులో బుడ్డిని నిలబెట్టి ఇద్దరు చెరోవైపు పట్టుకోవాలి. ప్లాస్టిక్ బుడ్డిని ఎత్తితే అది నొక్కుకుని, వదలగానే మూతి మీది ఎయిర్‌లాక్‌లోని (గ్యాస్‌ని బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని నీటి బిరడా) నీళ్లు లోపలికి పీల్చేస్తుంది. ఎత్తేముందు ఎయిర్‌లాక్ తీసి మూతికి శుభ్రమైన గుడ్డ కప్పాలి. బిగుతు మూత పెట్టి మరిచిపోతే లోపలి గ్యాస్‌కి బుడ్డి పేలుతుంది.

వాటర్ ప్లాంట్ల వాళ్లకి ఒక విన్నపం. అడిగినవాళ్లకి పట్టుకోవడానికి పిడి ఉన్న 10 లీటర్ల క్యాన్లు కూడా ఇవ్వండి. బీటలు పడ్డవి, మెడ వదులైనవి మళ్లీ నింపి పంపకండి. అపార్ట్‌మెంటు సంఘాల వాళ్లు కూడా క్యాన్లు తెచ్చే అబ్బాయిల్ని లిఫ్టు ఎక్కనివ్వండి. ఐదో అంతస్తుకి భుజాన రెండేసి మోసుకుంటూ మెట్లెక్కేది వాళ్లే.

— ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి, హైదరాబాద్