ఒరిగిన పికప్‌కి ఒక పట్టీ ఎక్కించి పంపేయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

పికప్ బోల్తా పడిందని వార్త వచ్చినప్పుడల్లా అతివేగం అనో నిద్రమత్తు అనో రాస్తారు. అవి నిజమే కావచ్చు, కానీ ఆ బండి అంతకుముందే ఒక పక్కకి ఒరిగి ఉందా అని ఎవరూ అడగట్లేదు. నేను మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నైకి టమాటా తోలుతాను, నాకు జరిగిందే చెబుతాను.

మా బండి ఖాళీగా ఉన్నా ఎడమ పక్కకి రెండు వేళ్ల మందం కుంగి కనిపించేది. కమాన్ షాపుకి, అంటే చక్రాల పైన బరువు మోసే స్ప్రింగులు బాగుచేసే చోటికి తీసుకెళ్తే, కట్ట (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగు) విప్పి చూడకుండానే, దాన్ని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు పొడవువి వేసి ఎడమ పక్క ఇంకో పట్టీ ఇరికించి పంపేశారు. బండి సమంగా నిలబడింది, నేనూ సంతోషపడ్డాను. లోడు ఎక్కాక తెలిసింది అసలు సంగతి. ఎడమ కట్ట బిర్రుగా అయిపోయి దిగట్లేదు, కుడిది మామూలుగా దిగుతోంది, దాంతో బరువు పడగానే బండి రెండో పక్కకి ఒరిగింది. మొగిలి ఘాట్‌లో ఎడమ మలుపు తిరుగుతుంటే బాడీ మొత్తం కుడికి వాలి, లోపలి వెనక చక్రం తేలినట్టయింది. ఆ రాత్రి చిత్తూరు చేరేదాకా స్టీరింగ్ మీద చేతులు వణుకుతూనే ఉన్నాయి.

తర్వాత ఒక పెద్ద మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన ముందుగా నాలుగు టైర్లలో గాలి సరిచూసి, ఖాళీ బండిని చదునైన చోట పెట్టించాడు (మన రోడ్లు అంచుకి వాలుగా ఉంటాయి, అక్కడ నిలిపితే ఏ బండైనా ఎడమకి ఒరిగినట్టే కనిపిస్తుంది). యాక్సిల్ (చక్రాల ఇరుసు) నుంచి చాసిస్ (బండి అడుగు ఫ్రేము) దాకా రెండు పక్కలా టేపు పెట్టి కొలిచాడు. ఎడమ కట్ట విప్పితే పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు కన్నం దగ్గర ఒక పట్టీ అడ్డంగా విరిగి ఉంది! యూ బోల్టులు ఎప్పుడో లూజయ్యాయి, పట్టీలు కదిలి కదిలి సరిగ్గా ఆ కన్నం దగ్గరే విరిగింది. అంటే మొదటి షాపు వాళ్లు విరిగిన పట్టీ మీదే కొత్తది బిగించారు.

చివరికి వెనక రెండు పక్కలా కట్టలు, వాటి కొసల్లో ఉండే బుష్‌లు మార్పించాను. ఒక్క పక్కే మారిస్తే పాతది, కొత్తది ఒకేలా పనిచేయవన్నాడు మేస్త్రీ, నేను చూసిందీ అదే. పాత పట్టీలని ఎర్రగా కాల్చి వంపు తెప్పిస్తామనే వాళ్లు కూడా ఉన్నారు. కాల్చాక మళ్లీ పదును (ఉక్కుకి ఉండాల్సిన గట్టిదనం) సరిగ్గా పెట్టకపోతే అవి కొన్నాళ్లకే కుంగుతాయి, లేదా విరుగుతాయి, దయచేసి ఒప్పుకోకండి. కొత్త కట్టలు వేశాక వారం రోజులు లోడు తిరిగి యూ బోల్టులు ఇంకోసారి బిగించుకోవాలి. నా బండికి రెండోసారి ప్రతి నట్టూ అర చుట్టు తిరిగింది.

ఎనిమిదేళ్లు దాటిన బళ్లకి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి కదా. ఆ రోజు ఖాళీ బండిని చదునులో నిలిపి రెండు పక్కలా ఒక్కసారి టేపు పెట్టమని రవాణా శాఖ అధికారులని కోరుతున్నాను. ఐదు నిమిషాల పని. తేడా ఉంటే, కట్ట విప్పి చూపించాకే సర్టిఫికెట్ ఇవ్వండి.

ఇట్లు,
ఒక పికప్ డ్రైవర్,
మదనపల్లె